ఆత్మహత్య మీద చర్చిలు తలో మాట ఎందుకు చెబుతాయి?

క్లుప్తంగా: ఆత్మహత్య తప్పు అన్న దగ్గర క్రైస్తవ సంఘాల మధ్య పెద్ద గొడవేమీ లేదు. చనిపోయిన మనిషి గతి ఏమిటి, సమాధి ఎలా చేయాలి అన్న దగ్గరే మాటలు వేరవుతాయి. "నేరుగా నరకమే" అనే వాక్యం బైబిల్లో ఎక్కడా లేదు. 5వ శతాబ్దం నుంచి 13వ శతాబ్దం దాకా కొంచెం కొంచెంగా పేరుకున్న వాదన అది. గత వందేళ్లలో పెద్ద సంఘాలు సమాధి నియమాలను సడలించాయి, ప్రాణం విలువ గురించిన బోధను మాత్రం సడలించలేదు. ఈ రెండూ వేరని తెలియకపోవడం వల్లే చాలా అయోమయం.

ఒకే ఇంట్లో మూడు జవాబులు

ఆత్మహత్య జరిగిన క్రైస్తవ ఇంట్లో ఏడుపుల మధ్యే ఒక చర్చ మొదలవుతుంది. పోలీసులు శవపంచనామా రాసి, పోస్టుమార్టం అయి, మార్చురీ నుంచి శరీరం ఇంటికొచ్చేలోపే పెద్దలు కొన్ని సంగతులు తేల్చుకోవాలి. భూస్థాపన ఆరాధన ఎవరు చేస్తారు, సంఘం సమాధుల తోటలో స్థలం ఇస్తారా, ఫ్లెక్సీ మీద ఏం వేయించాలి. మామూలు చావైతే "ప్రభువునందు నిద్రించారు" అని వేస్తారు, ఎవరూ ఆలోచించరు కూడా. ఇలాంటి చావుకు ఆ మాట వేయొచ్చా అని ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడుగుతారు, చివరికి ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ వేయించి ఊరుకుంటారు, లేదంటే గుండెపోటు అని చెప్పుకుని ఆ మాటే వేయించేస్తారు.

బెజవాడ, గుంటూరుల్లో ఈ చర్చ మరీ చిక్కుపడటానికి కారణం చరిత్రే. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ రాకతో మొదలైంది, అదే తర్వాత ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి అయింది. 1841లో మచిలీపట్నం వచ్చిన ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) మిషనరీల వారసత్వం 1947లో సీఎస్‌ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో కలిసింది, దాని కృష్ణా-గోదావరి డయోసిస్‌కు కేంద్రం విజయవాడ. గుణదల కొండ, ఫిరంగిపురం గుడి ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్ వాళ్లవి. ఇవి కాక బాప్టిస్టులు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాలు, ఎవరికీ చెందని సొంత ప్రార్థనా మందిరాలు కాలనీకొకటి. చాలా కుటుంబాలు కూడా ఇలాగే కలిసిపోయి ఉంటాయి: తాతగారు లూథరన్, కోడలు ఆర్‌సీఎం ఇంటి పిల్ల, మనవడు వెళ్లేది పెంతెకొస్తు మందిరానికి. అందుకే చావు ఇంట్లో ఒకరు "దేవుడి చేతుల్లో పెట్టేద్దాం" అంటే ఇంకొకరు "మారుమనస్సు పొందే టైమ్ ఎక్కడుంది?" అంటారు, మూడో మనిషి ఆర్‌సీఎం గుడిలో దివ్యబలి పూజ పెట్టిద్దామంటారు. ముగ్గురూ తాము చెప్పేది బైబిలే అనుకుంటారు.

బైబిల్లో ఉన్నదెంత

తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్ల సంగతి బైబిల్లో అరడజను చోట్ల పైగా వస్తుంది: అబీమెలెకు, సమ్సోను, సౌలు, అతని ఆయుధాలు మోసేవాడు, అహీతోపెలు, జిమ్రీ, ఇస్కరియోతు యూదా. వింతేమిటంటే ఈ కథల్లో దేనిలోనూ రచయిత ఆగి, ఆ పని గురించి విడిగా తీర్పు చెప్పడు. జరిగింది చెప్పి ముందుకెళ్లిపోతాడు.

సౌలు కథనే చూస్తే, యుద్ధంలో ఓడి చనిపోయిన ఆ రాజు శవాన్ని ఫిలిష్తీయులు బేత్షాను గోడకు తగిలిస్తారు. యాబేష్గిలాదు వాళ్లు రాత్రంతా నడిచి వెళ్లి దాన్ని దించి తెచ్చి, ఎముకలు పాతిపెట్టి, ఏడు రోజులు ఉపవాసం ఉంటారు. దావీదు అతని కోసం విలాపగీతం పాడతాడు. అహీతోపెలు దావీదుకు ద్రోహం చేసినవాడు, అయినా అతన్ని తండ్రి సమాధిలోనే పెట్టారని 2 సమూయేలు 17వ అధ్యాయం చెబుతోంది. సమ్సోను పేరైతే హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయంలో విశ్వాసవీరుల జాబితాలో ఉంది. సమాధుల తోటలో స్థలం ఇవ్వకూడదు అనే నియమానికి పాత నిబంధనలో ఆధారం వెతికితే దొరికేది ఇది.

ఎక్కువగా ఎత్తే ఉదాహరణ యూదాది. యూదా గురించి యేసు చెప్పిన కఠినమైన మాటలన్నీ తనను శత్రువులకు అప్పగించడం గురించి, అతని చావు గురించి కాదు. ఇంకో వచనం కూడా బాగా వినిపిస్తుంది: దేవుని ఆలయాన్ని పాడుచేసేవాణ్ని దేవుడు పాడుచేస్తాడని 1 కొరింథీయులు 3వ అధ్యాయంలో ఉన్నది. అక్కడ పౌలు మాట్లాడుతున్నది కొరింథు సంఘంలో నేను పౌలువాణ్ని, నేను అపొల్లోవాణ్ని అంటూ వర్గాలుగా చీలినవాళ్లతో. సంఘాన్ని చీల్చేవాళ్లకిచ్చిన హెచ్చరికను చనిపోయిన కుర్రాడి తల్లి ముందు చదవడం సందర్భం తప్పిన పనే. క్షమాపణ లేని పాపం అని యేసు చెప్పింది పరిశుద్ధాత్మను దూషించడం గురించి, ఆత్మహత్య ఊసు అక్కడ లేదు.

అలాగని బైబిల్ దీన్ని తేలిగ్గా తీసుకుందని కాదు. "నరహత్య చేయకూడదు" అన్న ఆజ్ఞ ఉంది, మీరు మీ సొత్తు కారు, విలువ పెట్టి కొనబడినవాళ్లు అన్న మాట ఉంది. చావు కోరుకున్నవాళ్ల కథలూ ఉన్నాయి, సాధారణంగా ప్రసంగాల్లో వీటికి దక్కాల్సిన చోటు దక్కదు. మోషే నన్ను చంపెయ్యమని అడిగాడు, యోనా అడిగాడు, యోబు, యిర్మీయా పుట్టిన రోజునే శపించుకున్నారు. ఏలీయా బదరీవృక్షం కింద కూలబడి "ఇంతమట్టుకు చాలును" అన్నప్పుడు దేవదూత తెచ్చింది ప్రసంగం కాదు, రొట్టె, నీళ్లు. తిన్నాడు, పడుకున్నాడు, మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. "నీకు విశ్వాసం తక్కువైంది" అన్న మాట ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

అగస్టీన్ ఎవరి తరఫున వాదించాడు

ఆత్మహత్యను "నరహత్య చేయకూడదు" అన్న ఆరో ఆజ్ఞ కిందికి స్పష్టంగా తెచ్చి వాదించినవాడు ఉత్తర ఆఫ్రికాలో బిషప్‌గా ఉన్న అగస్టీన్ (354–430). కాథలిక్కులు, లూథరన్లు దాన్నే ఐదో ఆజ్ఞగా లెక్కిస్తారు, ఆజ్ఞ మాత్రం ఒకటే. ఆయన వాదన పుట్టిన సందర్భం తెలిస్తే విషయం కొంచెం వేరుగా కనిపిస్తుంది.

410లో విసిగోతులు అనే జర్మానిక్ తెగవాళ్లు రోమ్ నగరాన్ని కొల్లగొట్టారు. ఆ దాడిలో క్రైస్తవ స్త్రీలు, కన్యాస్త్రీలు కూడా అత్యాచారానికి గురయ్యారు. రోమన్ల దగ్గర అప్పటికే ఒక పాత ఆదర్శం ఉంది, లుక్రీషియా. అత్యాచారం జరిగాక ప్రాణం తీసుకున్న ఆమెను ఇల్లాలికి నమూనాగా చెప్పుకునేవారు. మీ స్త్రీలు లుక్రీషియాలా ఎందుకు చేయలేదు, బతికి ఎందుకున్నారు అని క్రైస్తవేతరులు ఎద్దేవా చేశారు. అగస్టీన్ జవాబు సూటిగా ఉంటుంది. తప్పు చేసింది దాడి చేసినవాడు, ఆమె మనసు ఒప్పుకోనప్పుడు ఆమె పవిత్రత ఎక్కడికీ పోలేదు, మరి నిర్దోషి ఎందుకు చావాలి? చంపకూడదు అన్న ఆజ్ఞలో "పొరుగువాణ్ని" అన్న మాట లేదు కాబట్టి తనను తాను చంపుకోవడం కూడా దాని కిందికే వస్తుంది అని చట్టం లాంటి తర్కం కూడా చేర్చాడు.

అంటే మొదట్లో ఈ వాదన బతికి బయటపడ్డ ఆడవాళ్లకు అండగా నిలిచింది. "పరువు పోయాక బతికి ఏం లాభం" అనే మాట ఈనాటికీ మన వీధుల్లో వినిపిస్తూనే ఉంది, దానికి ఎదురు చెప్పిన వాదన ఇది. అదే కాలంలో సర్కమ్‌సెలియన్లు అనే ఒక గుంపు హతసాక్షులం అవుతామంటూ చావును వెతుక్కుంటూ తిరిగేది, వాళ్లను ఆపడం కూడా అగస్టీన్‌కు అవసరమైంది.

వాదన శిక్షగా మారిన దారి

తర్వాతివాళ్లు ఈ వాదనలో నుంచి జాలిని తీసేసి ఆజ్ఞను మాత్రం ఉంచుకున్నారు. 561లో బ్రాగాలో (ఇప్పటి పోర్చుగల్) జరిగిన బిషప్పుల సభ ఇలా చనిపోయినవాళ్లకు కీర్తనలతో అంత్యక్రియలు వద్దంది. 693లో టొలీడో (ఇప్పటి స్పెయిన్) సభ ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాళ్లను కూడా కొంతకాలం సహవాసం నుంచి వెలివేయమంది. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ మూడు కారణాలు ఇచ్చాడు: ప్రతి ప్రాణీ తనను తాను కాపాడుకోవాలన్న ప్రకృతికి విరుద్ధం, సమాజానికి అన్యాయం, ప్రాణం ఇచ్చిన దేవుడి అధికారాన్ని లాక్కోవడం. దానికి తోడు ఒక మాట అన్నాడు, పశ్చాత్తాపపడే సమయం మిగలదు కాబట్టి ఇది మరీ ప్రమాదకరమని. ఇవాళ పెంతెకొస్తు మందిరంలో వినిపించే "ఒప్పుకునే టైమ్ లేదు కదా" అన్న మాటకు మూలం ఒక కాథలిక్ సన్యాసి అని చాలామందికి తెలియదు.

రాజ్యం కూడా చేయి కలిపింది. ఇంగ్లండులో ఇలా చనిపోయినవాళ్ల ఆస్తిని ప్రభుత్వం జప్తు చేసుకునేది, శవాన్ని నాలుగు రోడ్ల కూడలిలో పాతిపెట్టేవారు. దీనికి జనం కనిపెట్టిన విరుగుడు గమనించదగ్గది. 18వ శతాబ్దానికి వచ్చేసరికి జ్యూరీలు చాలా కేసుల్లో "మతి స్థిమితం లేదు" అని తీర్పు రాసేసేవి, కుటుంబం రోడ్డున పడకుండా. శిక్ష పెంచితే నిజం దాక్కుంటుంది, ఇప్పుడు మనవాళ్లు చెప్పే గుండెపోటు కూడా ఆ కోవలోదే. కూడలిలో పాతిపెట్టడం 1823లో, ఆస్తి జప్తు 1870లో పోయాయి, నేరమన్న ముద్ర 1961లో గానీ పోలేదు.

ఆ ఇంగ్లిష్ ఆలోచనే 1860 నాటి ఐపీసీలో 309వ సెక్షన్‌గా మన దాకా వచ్చింది. ప్రయత్నించి బతికినవాడికి ఏడాది దాకా జైలు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ దీన్ని తలకిందులు చేసింది, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే ముందు భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది అంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309కి సమానమైన సెక్షనే లేదు, అధికారిపై ఒత్తిడి తేవడానికి చేసే ప్రయత్నాన్ని మాత్రం 226వ సెక్షన్ నేరంగా చూస్తుంది.

సంఘాలు ఇప్పుడు ఎక్కడున్నాయి

కాథలిక్ చర్చిలో మార్పు కాగితం మీద స్పష్టంగా కనిపిస్తుంది. 1917 నాటి చర్చి చట్టం, తెలిసీ కావాలనీ ప్రాణం తీసుకున్నవాళ్లకు చర్చి సమాధి నిరాకరించమంది. 1983లో వచ్చిన కొత్త చట్టంలో ఆ జాబితా నుంచి వాళ్ల పేరు తీసేశారు. 1992 నాటి సత్యోపదేశం (కాథలిక్ బోధలన్నీ ఒకచోట చెప్పే గ్రంథం), మనం ప్రాణానికి యజమానులం కాదు, సంరక్షకులం మాత్రమే అని పాత బోధను గట్టిగానే నిలబెడుతూ, తీవ్రమైన మానసిక వ్యాధి, వేదన, భయం ఆ మనిషి బాధ్యతను తగ్గిస్తాయని, వాళ్ల నిత్యరక్షణ విషయంలో ఆశ వదులుకోకూడదని చెప్పింది. అందుకే ఫాదర్‌గారు పూజ పెడతారు, నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించే రోజున ఆ సమాధికీ ప్రార్థన ఉంటుంది. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించే అలవాటు ఉండటం వల్ల ఆ కుటుంబానికి చేయడానికి ఏదో ఒక పని మిగులుతుంది.

లూథరన్, సీఎస్‌ఐ, బాప్టిస్టు లాంటి ప్రొటెస్టెంట్ల దగ్గర ఆ దారి లేదు, మామూలుగా చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించరు. ఆదరణ కూడికలో ప్రార్థన అంతా బతికున్నవాళ్ల కోసమే. అందుకే "ఇప్పుడు ఎక్కడున్నాడు?" అన్న ప్రశ్న వీళ్లింట్లో మరీ పదునుగా ఉంటుంది.

లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ మాట ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. ఇలా చనిపోయినవాళ్లు కచ్చితంగా నరకానికే పోయారన్న అభిప్రాయం తనకు లేదని 1532లో భోజనాల బల్ల దగ్గర అన్నట్టు శిష్యులు రాసిపెట్టారు; అడవిలో దొంగ చేతిలో చచ్చిన మనిషి లాంటివాళ్లు వాళ్లు, సైతాను బలవంతం వాళ్లను జయించింది అన్నాడు. అయితే ఈ సంగతి మామూలు జనానికి బోధించకూడదని కూడా అన్నాడు, సైతానుకు ఇంకా ప్రాణాలు తీసే అవకాశం దొరుకుతుందేమోనని. గుంటూరు లూథరన్ కుటుంబాల్లో కూడా చాలామందికి ఈ మాట చేరకపోవడంలో ఆ జాగ్రత్త పాత్ర కొంతైనా ఉండొచ్చు. ఆంగ్లికన్ల 1662 ప్రార్థనల గ్రంథం, తమ మీద తామే చేయి చేసుకున్నవాళ్లకు భూస్థాపన క్రమం చదవొద్దని రాసింది. ఇంగ్లండు చర్చి ఆ అడ్డును తన నియమాల్లోంచి తీసేసింది 2017లో.

బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు వైపు కేంద్ర నియమావళి ఉండదు, పాస్టరుగారి అవగాహనే నియమం. తేడా ఎక్కువగా రక్షణ గురించిన లెక్కలో వస్తుంది. ఒకసారి రక్షణ పొందినవాడు దాన్ని పోగొట్టుకోడు అనేవాళ్లు రోమీయులు 8వ అధ్యాయం చూపించి మరణమైనా దేవుని ప్రేమ నుంచి వేరుచేయలేదంటారు. పోగొట్టుకోవచ్చు అనేవాళ్లు చివరి పాపం ఒప్పుకోకుండానే పోయాడంటారు. ఈ రెండో తర్కంలో ఒక చిక్కుంది. భార్యతో గొడవపడి కోపంగా బండెక్కిన విశ్వాసి కనకదుర్గ వారధి మీద యాక్సిడెంట్‌లో పోతే ఆ కోపం కూడా ఒప్పుకోని పాపమే కదా? అతని భూస్థాపనలో ఆ ప్రశ్న ఎవరూ వేయరు.

విలువ దేని మీద నిలబడింది

సమాధి నియమాలు సడలాయి కాబట్టి బోధ మెత్తబడింది అనుకుంటే పొరపాటు. చనిపోయినవాడి మీద తీర్పు దేవుడికి వదిలేయడం వేరు, బతికున్నవాడికి "పర్లేదు" అనడం వేరు. రెండోది ఏ పెద్ద సంఘమూ అనలేదు.

దీనికి పునాది ఆదికాండము మొదటి అధ్యాయం, దేవుడు మనిషిని తన స్వరూపంలో చేశాడన్న మాట. ఇందులో అసలు బలం ఏమిటంటే విలువ దేని మీదా ఆధారపడి లేదు: మార్కులు, జీతం, కట్నం, ఆరోగ్యం, పంట, అప్పు, ఏదీ లెక్కలోకి రాదు. ప్రాచీన గ్రీకు, రోమన్ లోకంలోని స్టోయిక్ తత్వవేత్తలు ఇందుకు భిన్నం. గౌరవంగా బతకడం కుదరనప్పుడు ప్రాణం వదిలేయడం తెలివైనవాడి హక్కని సెనెకా లాంటివాళ్లు రాశారు. అంటే అక్కడ ప్రాణం విలువ బతుకు నాణ్యతను బట్టి. క్రైస్తవ బోధ సరిగ్గా ఆ ముడినే తెంచింది. ఇంటర్ ఫలితాల వారంలో బెజవాడ హాస్టళ్లలో ఒక పిల్లవాడి విలువ ర్యాంకును బట్టి కొలిచే పద్ధతికి, మిర్చి రేటు పడిపోయిన ఏడాది రైతు విలువను వడ్డీ లెక్కతో కొలిచే పద్ధతికి ఈ బోధ ఎదురు నిలబడాలి. నిలబడుతోందా అన్నది వేరే సంగతి, ఆదివారం స్టేజీ మీద ర్యాంకర్లను పిలిచి శాలువా కప్పే సంఘం ఫెయిలైనవాడికి ఏం చెబుతున్నట్టు?

ప్రాణం పెట్టడం, ప్రాణం తీసుకోవడం ఒకటి కాదన్న తేడా కూడా ఇక్కడే వస్తుంది. స్నేహితుల కోసం ప్రాణం పెట్టడం కంటే గొప్ప ప్రేమ లేదని యోహాను సువార్త అంటుంది. అక్కడ లక్ష్యం ఇంకొకరు బతకడం, చావు కాదు. వెంటిలేటర్ లాంటి అసాధారణ చికిత్స వద్దనడం ఆత్మహత్య కిందికి రాదని కాథలిక్ చర్చి 20వ శతాబ్దంలోనే చెప్పింది, ప్రాణం తీసే ఇంజెక్షన్‌ను మాత్రం ఒప్పుకోదు.

భయం ఎంతవరకు పనిచేస్తుంది

నరకం భయంతోనే ఆగిపోయాను అనే సాక్ష్యాలు సంఘాల్లో వినిపిస్తాయి, వాటిని కొట్టిపారేయలేం. క్రమం తప్పకుండా ఆరాధనకు వెళ్లేవాళ్లలో ఆత్మహత్యలు తక్కువని అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధనలు కూడా చూపించాయి. అయితే కాపాడుతున్నది భయమా, సహవాసమా? ఈ ప్రశ్న కొత్తది కాదు. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1897లో యూరప్ లెక్కలు తీసి, కాథలిక్కుల కంటే ప్రొటెస్టెంట్లలో ఆత్మహత్యలు ఎక్కువని చూపించాడు. రెండు మతశాఖలూ దాన్ని ఒకేలా నిషేధించాయి, నరకమనే చెప్పాయి. కాబట్టి తేడా బోధలో లేదు, మనుషుల్ని కలిపి ఉంచే అల్లికలో ఉంది అన్నాడు. కాథలిక్ ప్రాంతాల్లో ఇలాంటి చావులను వేరే కారణాల కింద రాయించారేమో అని తర్వాతివాళ్లు ఆ లెక్కలను అనుమానించారు. నింద ఎక్కువున్న చోట లెక్క తక్కువ కనిపిస్తుంది మరి.

భయం చేసే నష్టం చావుకు ముందే మొదలవుతుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ప్రార్థన విన్నపాలు రాసిన చీటీలు తీసుకుంటారు, చాలాచోట్ల మైకులో చదువుతారు. "కుటుంబంలో సమాధానం కోసం", "అప్పుల బాధ నుంచి విడుదల కోసం" అని రాసిన చీటీల్లో కొన్నింటి వెనుక చచ్చిపోవాలన్న ఆలోచన ఉండొచ్చు, ఆ ఆలోచనే ఘోరపాపం అని పది నిమిషాల కిందట అదే మైకులో విన్న మనిషి దాన్ని చీటీ మీద ఎలా రాస్తాడు? ఆర్‌సీఎంలో పాపసంకీర్తనం (ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) రహస్యం కాబట్టి కనీసం ఒక తలుపు ఉంది. స్వతంత్ర మందిరాల్లో పాస్టరుగారికి చెబితే పాస్టరమ్మగారికి, అక్కణ్నుంచి స్త్రీల కూడికకు పాకుతుందన్న భయం ఊరికే పుట్టింది కాదు.

డిప్రెషన్‌ను దయ్యంగా, దురాత్మగా చూసి నూనె రాసి ప్రార్థన చేయడం ఇంకో చిక్కు. ప్రార్థన వల్ల నష్టం లేదు, "విశ్వాసముంటే మందులెందుకు" అన్న ఒక్క మాటతో మాత్రలు ఆగిపోతేనే అసలు ప్రమాదం. షుగరు మాత్ర వేసుకునే పాస్టరుగారే ఈ మాట అనడం అరుదేమీ కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో 1,70,924 ఆత్మహత్యలు నమోదయ్యాయి, అందులో 31.7 శాతానికి కుటుంబ సమస్యలు, 18.4 శాతానికి అనారోగ్యం కారణంగా రాశారు. ఒక్క కారణంతో ఏ చావూ జరగదు గానీ, ఈ రెండు సమస్యలతో జనం మొదట తలుపు తట్టేది చాలాసార్లు పాస్టరుగారిదే, డాక్టరుది కాదు.

అక్కడ ఏం చేయాలన్నదానికి అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఒక సంఘటన ఉంది. భూకంపంలో చెరసాల తలుపులు తెరుచుకుని, ఖైదీలు పారిపోయారనుకుని అధికారి ప్రాణం తీసుకోబోతుంటే పౌలు పెద్దగా అరుస్తాడు: "నీవు ఏ హానియు చేసికొనవద్దు, మేమందరము ఇక్కడనే యున్నాము." ఆ క్షణంలో నరకం గురించి చెప్పలేదు. ఆ మనిషి భయపడుతున్న విషయం నిజం కాదని, తాము పక్కనే ఉన్నామని చెప్పాడు. మానసిక వైద్యులు చెప్పే మొదటి మెట్టు కూడా దాదాపు ఇదే, చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగాలి, అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది. అవునన్న మనిషిని ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లకో నమ్మకస్తుడికో అప్పగించి, ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లాలి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ-మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ మనిషి తరఫున పాస్టరుగారైనా చేయొచ్చు.